ఎల్లాజీ రాయించిన సున్నా

నేను ఒక కొలత టేపుని. పసుపు రంగు, అయిదు మీటర్ల పొడవు. పుట్టింది ఫ్యాక్టరీలో అయినా, బుద్ధి వచ్చింది మాత్రం తాపీమేస్త్రి సింహాద్రి నడుముకు వేలాడుతున్నప్పుడే. గోడ వంకరపోతే ఆయన నన్ను తిట్టేవాడు. మనుషుల సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన కూతురు కస్తూరికి భీమిలి రేవులో చేపల లెక్కలు రాసే ఉద్యోగం వస్తే, నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

సరదాకి నడిసంద్రంలో గాలం వేసే బాబులు ఆ రేవులో పడవలు మాట్లాడుకుని వెళ్తారు. తిరిగొచ్చాక ఎన్ని గంటలు గాలం వేశారో, ఎన్ని చేపలు పడ్డాయో కస్తూరి రాసుకోవాలి. చేపను కొలవడం నా పని. తిరకాసంతా ఇక్కడే. చేప పడ్డవాడు మీసం మెలేసుకుంటూ మా బల్ల దగ్గరికి వస్తాడు. పడనివాడు గట్టు చాటుగా జారుకుంటాడు. దాంతో పుస్తకంలో వట్టి చేతులతో వచ్చిన పడవ ఒక్కటీ లేదు! ఆ పుస్తకం చూసి మర్నాడు రేవు సంఘంవాళ్ళు ఇంకో నలభై పడవలకు అనుమతి ఇవ్వబోతున్నారు. అవి కూడా దిగితే, మూతికి బల్లెంలాంటి కొమ్ముండే కొమ్ముకోనం ఈ ఒడ్డున మిగలదని కస్తూరి భయం. "సున్నా సెప్పినోడు ఒక్కడూ లేడేటి!" అని పొద్దుటి నుంచి గొణుగుతూనే ఉంది.

మధ్యాహ్నం ఎల్లాజీ పడవ వచ్చింది. పడవ నడిపే సరంగుల్లో, వట్టి చేతులతో ఎన్నడూ రాడని పేరున్నవాడు అతను. నలుగురు బాబులు వెనక నిలబడగా, కొమ్ముకోనాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. కస్తూరి నన్ను దాని మీద పరిచింది.

అమ్మో! నా కింద వలతాళ్ళు కోసిన గీతలు తగిలాయి. గాలానికి పడ్డ చేపకు వల గీతలెక్కడివి? ఆరడుగుల రెండంగుళాలు. కొలత నిజమే, నా ఖర్మ! ఒళ్ళు మండిపోయింది.

కస్తూరి కూడా ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. పుస్తకం తెరిచింది.

"ఎంతసేపు గాలమేసినారు బాబాయ్?"

"ఏడు గంటలు."

"ఎన్ని పడ్డాయి?"

ఎల్లాజీ వెనక్కి తిరిగి బాబుల వైపు చూశాడు. "ఒకటని చెప్పవయ్యా, కనబడుతోందిగా," అన్నాడు బాబుల్లో ఒకాయన. ఎల్లాజీ నా చివరను బొటనవేలితో ఇంకా గట్టిగా తొక్కిపట్టాడు. నిజం చెప్పి పరువు తీస్తే ఈ బాబులు మళ్ళీ అతని పడవ ఎక్కరు.

"సున్నా రాయమ్మా," అన్నాడు చివరికి. "ఇది వల పడవోల కాడ కొన్నాం. ఈ నెల్లో నాకిది ఎనిమిదో సున్నా. ముందరి ఏడూ రాసీయమ్మా."

హమ్మయ్య! ఆ మాట రేవంతా పాకింది. మిగతా సరంగులు తలలు దించుకుని ఒక్కొక్కరే వచ్చి, తమ సున్నాలూ రాయించారు. సాయంత్రానికి రెండు పేజీలు నిండాయి.

మర్నాడు ఆ సున్నాలు చూసి సంఘం కొత్త పడవలను ఆపేసింది. అక్కడితో ఊరుకోలేదు, ఉన్నవాటిలోనూ కొన్నింటిని తగ్గించాలంది. చేపలు పడని పడవ దండగ కదా అని, ఎక్కువ సున్నాలున్న పడవను ముందు తీసేశారు. అది ఎల్లాజీదే.

కస్తూరి అతని మొహం చూడలేకపోయింది. ఎల్లాజీయే వచ్చి, బల్ల మీదున్న నన్ను చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఏడవకమ్మా. నాను సెప్పిన లెక్కే గదా," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మా రేవులో ఏ పడవా వట్టి చేతులతో రావడం లేదు. వల గీతలున్న చేపలనే రోజూ కొలుస్తూ ఉన్నాను.