పన్నరిగిన తల్లి

కొబ్బరి పచ్చడికి తాలింపు వేస్తుంటే హరిబాబు ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“సుప్రియా, ఓ పోస్టు రాసి పెట్టవా? చదివినోళ్ళకి కళ్ళు చెమర్చాలి.”

పోస్టంటే లింక్డ్‌ఇన్‌లో పెట్టేది. ఉద్యోగస్తులంతా తమ గొప్ప తాము చెప్పుకునే చోటు. హరిబాబు రాజమండ్రిలో ఎరువుల కంపెనీ మేనేజరు. పేరు అతనిది, రాత సుప్రియది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే మరి. ఉద్యోగం మానుకున్న ఆవిడ దిగులూ, పిల్లాడి జ్వరానికి ఆవిడ పడ్డ జాగారమూ, అన్నీ అతని ‘అనుభవాలు’ అయిపోయాయి. పైగా “ఇంట్లో ఖాళీయేగా” అనేవాడు. ఖాళీ! ఆ ముక్క వింటే సుప్రియకి ఒళ్ళు మండేది.

ఆవేళ వేరే ఏమీ తోచక తన తల్లి సత్యకుమారి గురించి రాసింది. ఆవిడ కడియం నర్సరీలో మామిడి అంట్లు కట్టే కూలీ. అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ కొస పంటితో పట్టి లాగీ లాగీ ముందు పన్ను అరిగిపోయింది. ఆ కూలితోనే కూతుర్ని డిగ్రీ చదివించింది. ‘మా అత్తగారు’ అని సుప్రియ రాసిస్తే, ‘మా అమ్మ’ అని మార్చి పెట్టేశాడు హరిబాబు.

“ఒక్క ముక్కేగా మార్చాను, దానికింత గోలేంటి?” అన్నాడు సుప్రియ నిలదీస్తే.

కిందటేడు తన స్నేహితులు కూర్చునుండగా సత్యకుమారి గులాబీ మొక్క పట్టుకొస్తే, “మొక్కలు తెచ్చే ఆవిడండి” అన్నాడీ పెద్దమనిషే. ఆవిడ పెరటి మెట్ల మీద కాఫీ తాగి వెళ్ళిపోయింది. అప్పుడు చేదైన మనిషి ఇప్పుడు అమ్మయిపోయిందా?

పోస్టు చదివి జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. మహిళా దినోత్సవం నాడు ఆ తల్లికి స్టేజీ మీద సన్మానం చేస్తామని కంపెనీ పెద్దాయన ఫోన్ చేశాడు.

ఏనాడూ మట్టి ముట్టని హరిబాబు తల్లి బీరువాలోంచి పట్టుచీర తీసి, వంటింట్లో కోడలి దగ్గరకొచ్చి కూర్చుంది.

“అమ్మాయ్, ఆ అంట్లు ఎలా కడతారో కాస్త చెప్పవే, స్టేజీ మీద అడుగుతారంట. పన్ను సంగతంటావా, పళ్ళసెట్టు పెట్టించుకున్నానని చెప్తాలే.”

సుప్రియ పొయ్యి కట్టేసింది. చెయ్యి తుడుచుకుని, ఆ పోస్టు కిందే తన పేరుతో రాసింది: ‘ఈ తల్లి నన్ను కన్న తల్లి, సత్యకుమారి. రాసింది నేను.’ తర్వాత కడియం ఫోన్ చేసి అమ్మతో మాట్లాడింది. అప్పుడు అత్తగారి వైపు తిరిగింది.

“చెప్పడమెందుకండీ, అత్తయ్యగారూ. స్టేజీ మీదికి మా అమ్మే వస్తోంది. మీరా పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుదురుగాని.”