నాలుగో నిమ్మకాయ

పాలు గీత దగ్గరే ఉన్నాయి. త్రినాథ్ ప్లాస్టిక్ డబ్బాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, నమ్మకం కుదరక మరోసారి చూసి ఫ్రిజ్‌లో పెట్టాడు. పరాయి దేశంలో, లీక్స్‌లిప్ అనే ఊళ్లోని ఆ అద్దె ఇంట్లో సుధీర్‌తో కలిసి ఉంటున్న ఇన్నేళ్లలో, తను పెన్నుతో గీసిన గీత కిందికి పాలు ఒక్కనాడూ దిగలేదు. అయినా గీయడం మానలేదు. చిప్‌ల ఫ్యాక్టరీలో రోజంతా మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ చూపు మారేది కాదు.

ఇవాళ విజయదశమి. మంచిరోజని సుధీర్ సింగపూర్ ప్రయాణం పెట్టుకున్నాడు. అక్కడ కొత్త ఉద్యోగం, ఇక ఇటు రాడు. ఎయిర్‌పోర్టుకి తనే దింపుతానని త్రినాథ్ ఎప్పుడో మాటిచ్చాడు. ఈ దేశంలో తనను ‘అన్నా’ అని నోరారా పిలిచేది వాడొక్కడే.

వీధి తలుపు పక్క మేకు నుంచి తాళాలు తీసుకుని బయటికొచ్చాడు. కారు పాతది, ఎర్రది. సరస్వతీ పూజ నాడే దాన్ని బకెట్లతో కడిగాడు. చక్రాల సందుల్లోకి కూడా నీళ్లు కొట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ఒక్కో చక్రం ముందు కుంకుమ అద్దిన ఒక్కో నిమ్మకాయ ఉంచాడు. చేతి బ్రేకు బలంకొద్దీ లాగాడు. ఆయుధ పూజకు బండికి విశ్రాంతి. దశమి నాడు నిమ్మకాయలు తొక్కించి తీసేదాకా ముట్టకూడదు. లారీ నడిపిన నాన్న నాటి ఆచారం. బండి కడిగిన నాటి నుంచీ ఒకటే వాన.

వెనక ఎడమ చక్రం ముందు నిమ్మకాయ లేదు.

త్రినాథ్ వంగి కారు కింద చూశాడు, అక్కడా లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి బ్రేకు దించాడు. కారు మూలిగింది, వెనక భాగం కుంగింది, అంగుళం కదల్లేదు. ఎవరో తన వెనకాల బండి తీసి, మళ్లీ తెచ్చిపెట్టి, బ్రేకు పాడుచేశారు. ‘ఎవరో’ అనుకున్నాడు గానీ ఇంట్లో ఉండేది ఇద్దరే. మిగతా మూడు నిమ్మకాయలు నలగకుండా ఉన్నాయే? తీసి దాచి, మళ్లీ సర్దిపెట్టాడన్నమాట. ఎంత తెలివి!

సుధీర్ సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వచ్చాడు.

“ఏంటన్నా, స్టార్ట్ అవట్లేదా?”

“అవుతోంది. కదలట్లేదు. ముట్టకూడనప్పుడు ముట్టినోళ్లకి తెలియాలి ఎందుకో.”

సుధీర్ సూట్‌కేసు పిడి వదిలాడు. “అన్నా, వాన నీళ్లకి నిమ్మకాయొకటి రోడ్డు మీదికి కొట్టుకొస్తే...”

“నిమ్మకాయ సంగతి నాకు తెలుసులే.”

సుధీర్ మొహం చిన్నబోయింది. ఫోన్ తీసి టాక్సీ పిలిచాడు. అది వచ్చేలోపు త్రినాథ్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బోల్టుల వంకే చూశాడు. డ్రైవరు, అన్నిటికీ బాగుందనే ఇక్కడివాళ్ల అలవాటులో, “గ్రాండ్, గ్రాండ్” అంటూ సామాను ఎక్కించాడు. సుధీర్ లోపలికెళ్లి ఓ నిమిషంలో తిరిగొచ్చాడు.

“వెళ్లొస్తానన్నా. ఆరోగ్యం జాగ్రత్త.”

“ఊఁ.”

తలెత్తలేదు. టాక్సీ మలుపు తిరిగిన చప్పుడు మాత్రం విన్నాడు. విజయవాడలో తమ్ముడు కృష్ణప్రసాద్‌తో మాటలు తెగిపోయిందీ ఇలాగే, స్కూటరు మీద ఓ గీత గురించి. ఆ గీత ఎలా పడిందో ఇప్పటికీ తెలియదు.

ముందు చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, జాకీతో వెనక భాగం లేపి, చక్రం ఊడదీశాడు. లోపలి బ్రేకు డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోయాడు. మధ్యమధ్యలో మలుపు వైపు చూశాడు. ఉన్నట్టుండి డ్రమ్ము టప్పున వదిలింది. చేత్తో తిప్పితే గరగరమంటూ తిరిగింది. సందులోంచి తుప్పు పొడి అరచేతిలో రాలింది. అందులో పసుపు మరక. బ్రేకు తుప్పుకు అతుక్కుపోయింది, అంతే.

నీళ్లు కొట్టిందెవరు? తడి ఆరకముందే బ్రేకు బిగించి, రోజుల తరబడి వానకు వదిలేసిందెవరు? యంత్రాల మధ్య బతికేవాడికి ఇంకొకరు చెప్పాలా! సిగ్గుతో చచ్చిపోయాడు. మసి చేతులతోనే సుధీర్‌కి ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాడు. విమానం ఎక్కేసి ఉంటాడు.

‘మరి నిమ్మకాయ?’ అంది లోపలి అనుమానపు పురుగు, అప్పుడు కూడా.

చేతులు కడుక్కుని, దీపమైనా పెడదామని వంటింట్లో ప్రెస్సు తెరిచాడు. ఇక్కడివాళ్లు అలమరను అలాగే అంటారు. అందులోనే వీళ్లిద్దరి దేవుళ్లు. పటం ముందు సుధీర్ ఇంటి తాళంచెవి ఉంది. దాని పక్కన చిన్న స్టీలు గిన్నెలో, వానకు కుంకుమ కారిపోయి, ఎక్కడా నలగని నిమ్మకాయ.