అంచు దాటాక గెంతు

"బాబాయ్, నీ ఆటలో గెంతు గురించి ఒకటి అడగాలి" అని అన్నగారి కూతురు అనేసరికి ముసలి ప్రోగ్రామరు గుండెల్లో రాయి పడింది.

ముప్పై ఏళ్ల కిందట ఆయన రాసిన వీడియో గేమ్ అది. అందులో ఓ పొట్టి బొమ్మ గోతులు దాటుతూ గట్టు మీంచి గట్టు మీదికి గెంతుతుంది. అంచు దాటి కాలు గాల్లో పడ్డాక కూడా, రెప్పపాటు సేపు, గెంతు బటన్ పనిచేసేది. శుద్ధ పొరపాటు. ఆయన కనిపెట్టేసరికి సరుకు దుకాణాలకు చేరిపోయింది. అప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆ పిల్ల ఆఫీసులో అదే ఆటను కొత్తగా చేస్తున్నారు.

"అది నా తప్పేనమ్మా" అని ఒప్పేసుకున్నాడు.

"తప్పేంటి? మేం దాన్ని తీసేసి చూశాం. ఆడినవాళ్లంతా గోతిలో పడి, 'నేను నొక్కాను, ఈ దరిద్రపు మెషినే గెంతలేదు' అని తిట్టిపోశారు. మళ్లీ పెడితే నోళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు ఇలాంటి ఆటల్లో చాలామంది దీన్ని కావాలనే పెడుతున్నారు. ఎంతసేపు ఉంచాలో అంత కచ్చితంగా ఎలా లెక్కేశావు బాబాయ్?"

"లెక్కా నా మొహమా! ఆకలేస్తుంటే గబగబా రాసి భోజనానికి లేచాను."

పిల్ల పడీపడీ నవ్వి, ఆట ఆయన చేతికిచ్చింది. ఇన్నేళ్లూ ఆ తప్పు కంటబడకూడదని ఆయన అంచు రాకముందే నొక్కేవాడు. ఈసారి కావాలనే దాటనిచ్చి నొక్కాడు. బొమ్మ అవతలి గట్టున క్షేమంగా దిగింది.

"బతికిపోయాంరా" అన్నాడు దానితో.