నాగమణి పేరున్న డబ్బా

ఎండ పొడ గిట్టని రక్తపిశాచికి ఉదయ్ భాస్కర్ అన్న పేరేమిటని నవ్వకండి. పేరు అమ్మానాన్నలు పెట్టింది, పిశాచం ఆ తర్వాత అయ్యాడు. వయసు నూట ఇరవై, చూడటానికి ఇరవై. హైటెక్ సిటీ అంతా బండలూ తుమ్మచెట్లూ ఉన్న రోజుల్లో శేరిలింగంపల్లిలో పుట్టాడు. ఇప్పుడు ఆ బండల మీదే లేచిన ఓ అద్దాల ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. మనుషుల జోలికి వెళ్ళడు, పెద్దలంటే గౌరవం. ఇన్ని మంచి గుణాలున్నవాణ్ణి ప్రేమించక ఏం చెయ్యమంటారని హరిత వాదన.

వాళ్ళ అమ్మ నాగమణి వాదన వేరు. నెల కిందట కూతురి స్నేహితుడిగా ప్రగతి నగర్‌లోని వాళ్ళ ఫ్లాటుకు వచ్చిన ఉదయ్‌ని చూసి ఆవిడ మురిసిపోయింది. స్టీలు డబ్బా నిండా ఓళిగలు సర్ది చేతిలో పెట్టింది. పెట్టి, గోడనున్న అద్దంలోకి చూసింది. అద్దంలో డబ్బా ఒక్కటే గాలిలో ఉంది. మరుక్షణం అతణ్ణి బయటికి నడవమని, ఇంక తన ఇంట్లో అడుగు పెట్టవద్దని చెప్పేసింది.

ఇంటివాళ్ళు పిలవనిదే పిశాచాలు గడప దాటలేవు. ఒకసారి పొమ్మన్నాక మళ్ళీ ఆ నోరే రమ్మనాలి. హరిత వందసార్లు రమ్మంది గానీ పనిచెయ్యలేదు. ఫ్లాటు రిజిస్ట్రేషన్ అమ్మ పేరు మీద ఉంది మరి.

ఇది చాలదన్నట్టు పిశాచాల పెద్ద చలపతిరావు కబురు పంపాడు. ఈ ఆదివారం పొద్దుగూకేలోగా ఊళ్ళో ఒక్క ఇంటివాళ్ళయినా పిశాచమని తెలిసీ లోపలికి పిలవకపోతే ఉదయ్‌ని పుణెకు బదిలీ చేస్తాడట. వెళ్ళాక నూరేళ్ళదాకా ఇటు రాకూడదు. నూరేళ్ళు ఉదయ్‌కి ఓ లెక్క కాదు. హరితకు మాత్రం అది బతుకంతా.

ఆమె చేతిలో ఉన్న ఆయుధం ఆ డబ్బా ఒక్కటే. నాగమణికి వాళ్ళమ్మ ప్రొద్దుటూరులో కొనిచ్చిన అయిదు డబ్బాల సెట్టులో అది నడిమిది, మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంటుంది. నెలరోజులుగా ఆవిడ పిశాచం ఊసెత్తలేదు గానీ డబ్బా ఊసెత్తని రోజు లేదు. ఉదయ్ మర్నాడే పంపించబోతే హరితే ఆపింది, ఆదివారం అతనే తెస్తాడని అమ్మకు చెప్పింది. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం నాగమణి చచ్చినా చెయ్యదు. పిశాచం నిలబడ్డ వరండాలోకి వచ్చే ధైర్యమూ లేదు. ఇక మిగిలింది లోపలికి పిలవడమే. ఇంత తెలివి చదువులో చూపించి ఉంటే హరితకు రెండు సబ్జెక్టులు మిగిలేవి కావు.

ఆదివారం సాయంత్రం ముసురు పట్టి ఎండ పొడ లేకుండా పోయింది. ఉదయ్ డబ్బాతో వచ్చి, చెప్పులు పక్కన విప్పి తలుపు ముందు నిలబడ్డాడు. నాగమణి హాల్లోంచే చూసింది.

"ఆడ పెట్టి పో," అంది.

ఈ దారి కూడా ఒకటుందని హరితకు తట్టనేలేదు. ఉదయ్ డబ్బా కింద పెట్టడానికి వంగాడు. ఇంత మర్యాదస్తుణ్ణి ప్రేమించినందుకు హరిత తనను తానే తిట్టుకుంది.

"ఆగబ్బా. బరువుగుంది, ఏముంది దాంట్లో?"

"సీతాఫలాలమ్మా," అన్నాడతను, తనకంటే డెబ్బై ఏళ్ళు చిన్నావిడతో. "ఖాళీ డబ్బ ఎట్ల తెస్త? జర మంచివి చూసి తెంపిన."

"తినేది చెప్పుల కాడ పెడతావా? నూరేండ్లు బతికినావంట, ఎవురూ నేర్పీలేదా? లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టు."

ఉదయ్ కుడికాలు మెల్లగా గడప లోపలికి వచ్చింది. ఏమీ అడ్డుకోలేదు. చలపతిరావు పెట్టిన గండం గట్టెక్కింది. అయినా హరితకు భయం తీరలేదు. నాగమణి పళ్ళు తీసి పళ్ళెంలో పోసి, డబ్బా కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ వస్తువు ఆవిడకు చేరిపోయింది. బయటికి వచ్చి మళ్ళీ పొమ్మంటే, కథ మళ్ళీ మొదటికే.

నాగమణి వచ్చి అదే డబ్బా నింపి ఉదయ్ చేతిలో పెట్టింది.

"మేక నెత్తురు వేపుడు. ఆదివారమైతే మేమూ తినేదే. మేము వేయించుకుంటాము, నువ్వు పచ్చిగా తాగుతావు, అంతే గదా తేడా. తెల్లగడ్డ వేయలేదులే."

వెల్లుల్లి లేకుండా అమ్మ వేపుడు దించడం హరిత పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అదీ పొద్దున వండిన వేపుడు. తను ఇంకా పన్నాగాలు పన్నుతుండగానే అమ్మ ఈ అబ్బాయి కోసం పొయ్యి వెలిగించింది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చి హరిత అమ్మను వెనకనుంచి వాటేసుకుంది.

"బుధవారానికంతా డబ్బా తెచ్చియ్యాల," అని ఉదయ్‌తో చెప్పింది నాగమణి. కూతురి చేతులు మాత్రం విడిపించుకోలేదు.