నల్లా వచ్చినా లేవను

ఆదివారం ఇంటికి సున్నం వేద్దామని అటక ఖాళీ చేస్తుంటే మా తమ్ముడు విక్కీకి చిన్నప్పటి టీవీ గేమ్ దొరికింది. ఇక సున్నం మాట ఎవడికి కావాలి? క్యాసెట్‌లోకి ఉఫ్ ఉఫ్‌మని ఊది, వైర్లు టీవీకి తగిలించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తెర మీద మేస్త్రీ కనిపించాడు.

అతని అసలు పేరేమిటో మాకెవరికీ తెలియదు. పచ్చ లాగు వేసుకుని ఇటుకల మీద నుంచి ఇటుకల మీదికి దూకుతుంటాడని కామాటిపుర పిల్లలం పెట్టుకున్న పేరది. వలస వచ్చిన మా తాతలు కట్టిన గోడలు ఈ ఊళ్ళో ఇంకా నిలబడే ఉన్నాయి గానీ, ఈ మేస్త్రీ మాత్రం ఆఖర్న వచ్చే విరిగిన వంతెన దాటిన పాపాన పోలేదు. దాని అవతల కోట ఉందనేవాళ్ళు. చూసినవాళ్ళు లేరు. ప్రాణాలన్నీ అయిపోతే మళ్ళీ మొదటి ఇటుక నుంచే మొదలు.

"సీమా, జర చూడు. మా చాల్‌ల ఆ ఇరిగిన పూల్ దాంక పోయినోన్ని నేనొక్కన్నే," అన్నాడు విక్కీ, మెంతికూర తుంచుతున్న భార్యతో.

నాకు ఒళ్ళు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది. వంతెన దాకా మేస్త్రీని తీసుకెళ్ళింది నేను.

గదికో కాపురం ఉండే మా చాల్‌లో ఆటకు మగపిల్లలు ఒక రూలు పెట్టారు. మధ్యలో లేచినవాళ్ళకు వంతు పోతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ సాయంత్రం గదుల ముందు గ్యాలరీలో, కుళాయిల దగ్గర "నల్లా వచ్చింది!" అని కేక పడగానే లేవాల్సింది ఆడపిల్లలే. నీళ్ళు కాసేపే వస్తాయి, పట్టుకోకపోతే మర్నాటిదాకా ఇంట్లో చుక్క ఉండదు. మగపిల్లలకు ఆ కేక చెవిన పడేదే కాదు. ఆట ఆపుకునే బటన్ అప్పుడూ ఉంది. నేను ఆపి, నీళ్ళ హండా పట్టుకుని పరుగెత్తేదాన్ని. విక్కీ అదే బటన్ మళ్ళీ నొక్కి, నేను కాపాడుకున్న ప్రాణాలన్నీ వంతెన కింది గోతిలో పోసేవాడు. తడి బట్టలతో తిరిగొచ్చేసరికి తెర మీద మొదటి ఇటుక ఉండేది. బడి మానేసి నాగ్‌పాడాలో బ్యాగులు కుట్టే పనికి వెళ్ళేదాకా నాకు రోజూ ఇదే.

ఇప్పుడు విక్కీ మూడో గెంతుకే పడ్డాడు.

"బటన్ పని చేస్తలేదు యార్."

ఆడలేక మద్దెల ఓడు! "ఇటియ్యి," అన్నాను.

వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. గబ్బిలం వచ్చేముందు ఒక అడుగు వెనక్కి వేయాలి. ఊగే పలక మీద ఆగకూడదు. సీమా మెంతికూర వదిలేసి చూస్తోంది. "ఈ వయసుల ఏం ఆటలే మంగళా," అని అమ్మ మంచం మీది నుంచి సణిగింది. విరిగిన వంతెన రానే వచ్చింది. ఒక్క ప్రాణం మిగిలి ఉంది.

"నల్లా వచ్చింది!" గ్యాలరీలో ఎవరో అరిచారు.

నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది అదే.

విక్కీ అలవాటుగా చెయ్యి చాపాడు. "నువ్వు పో అక్కా, నేను ఆడ్త."

"లేవను."

"అరే, పానీ పోతది కదా!"

"పోతే పోనీ. లేకుంటే నువ్వు తే. చేతుల్లేవా నీకు?"

సీమా లేవబోయింది. "నేను తెస్త వదినె."

"కూసో సీమా. నువ్వు లేస్తే నేను లేవకుండ ఏం ఫాయిదా?"

అమ్మ చెప్పుల కోసం కాళ్ళతో వెతుకుతోంది. "మొగపోరడు హండా మోస్తే నలుగురు నవ్వరా? నేనే పోత."

"నవ్వనీ. నీ మోకాళ్ళు ఆ హండాలకే అరిగినయ్. కూసో అమ్మా."

బయట బిందెల చప్పుడు. ఇంట్లో ఎవరూ కదల్లేదు. చివరికి విక్కీ ఏదో గొణుగుతూ హండా అందుకుని వెళ్ళాడు. గ్యాలరీలో ఆడవాళ్ళ నవ్వులు, వాటి మధ్య నుంచి వాడి కేక:

"అక్కా! మనది ఏ నల్లా?"

పుట్టినప్పటి నుంచీ తాగుతున్నది ఆ నీళ్ళే. సీమా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను మేస్త్రీని దూకించాను. మొదటి పలక. రెండోది. గబ్బిలం తప్పింది. అమ్మ దిండుకు ఆనుకుని తెర వైపే చూస్తోంది. ఆఖరి పలక అంచు మీద కాలు పడింది, జారింది.

"అయ్యో," అంది అమ్మ.

మొదటి ఇటుక.

ఏడుపొస్తుందనుకున్నాను. నవ్వొచ్చింది. ఈసారి మేస్త్రీని పడేసింది నేనే. ఇన్నేళ్ళకు నా ఓటమైనా నాకు దక్కింది.

విక్కీ చొక్కా అంతా తడుపుకుని, సగం నిండిన హండాతో వచ్చాడు. తెర చూసి చెయ్యి చాపాడు.

"చచ్చినవ్ గదా. ఇగ నా వంతు."

"నువ్వు లేచినవ్," అన్నాను. "లేచినోళ్ళకు వంతు లేదు. మీరు పెట్టిన రూలే."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇంక రెండు హండాలున్నయ్ బిడ్డా," అంది. "నల్లా పోకముందే పో."

నేను బటన్ నొక్కాను.