బండి దిగకుండా తెరుచుకునే గేటు

పర్వతాలు చిన్నాయన గేటు సంగతి రూపకు మొదట వాట్సాప్‌లో తెలిసింది. వీడియోలో ఆయన ఎక్సెల్ బండి మీద పచ్చగడ్డి మోపు వేసుకుని గొర్ల దొడ్డి ముందుకు వస్తాడు. బండి దిగడు. పక్కన ఇనుప గుంజకు వేలాడుతున్న తాడును ఒక్క గుంజు గుంజుతాడు. గడియ లేస్తుంది, గేటు దానంతట అదే లోపలికి తెరుచుకుంటుంది. బండి లోపలికి పోయాక ఇంకో తాడు లాగితే మూసుకుంటుంది. చివర్లో ఆయన తెర నిండా ముఖం పెట్టి, "బిడ్డా, దీనికి పేటెంటు కావాలె. నువ్వు సేసే పని అదే గదా?" అన్నాడు.

రూప చేసే పని సరిగ్గా అది కాదు. హైదరాబాదులోని ఒక కంపెనీకి సూర్యాపేటలో ఇంటి నుంచే పనిచేస్తుంది. ఎవరైనా ఒక వస్తువు కనిపెట్టి దరఖాస్తు పెట్టుకోవాలనుకుంటే, అది నిజంగా కొత్తదేనా అని దేశదేశాల పాత పేటెంట్లు గాలించి చెప్పాలి. చాలాసార్లు ఆమె చెప్పే జవాబు ఒకటే: మీకంటే ముందే ఎవరో చేశారు. ఆ మాట కంప్యూటర్లో రాసి పంపడం తేలిక. సొంత చిన్నాయనకు చెప్పాల్సి వస్తుందేమోనని ఆమెకు ఆ రోజే దిగులు పట్టుకుంది.

పర్వతాలు మిర్యాలగూడ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కోదాడ దగ్గరి సొంతూరు చిలుకూరుకు తిరిగొచ్చి, తాతల నాటి పని కదా అని ఒక మంద గొర్రెలను కొన్నాడు. అంతలో మోకాలికి ఆపరేషన్ అయింది. గడ్డి మోపుతో బండి ఆపి, దిగి, గేటు తీసి, మళ్లీ ఎక్కి, లోపలికి పోయి, మళ్లీ దిగి గేటు వేసేసరికి కాలు పీకేది. ఒకసారి బండి స్టాండు మట్టిలో దిగబడి మోపుతో సహా మీద పడింది. ఆ దెబ్బతో గేటు పని పట్టాడు. కోదాడలో వెల్డింగు షాపు నడిపే గణేష్ దగ్గర కూర్చుని, ఎండాకాలమంతా కోయించి, అతికించి, విరగ్గొట్టించి, చివరికి సాధించాడు.

నెల తిరక్కుండానే పాలకీడులో అలాంటివే రెండు గేట్లు లేచాయి. దానికి ఆయన సంతోషించాడు కూడా. కానీ ఎవరో చుట్టమొచ్చి, "నీది గూడ పాలకీడు గేటేనా?" అని అడిగేసరికి మనసు విరిగింది. "పైసల కోసం గాదు బిడ్డా," అన్నాడు ఫోన్‌లో. "నేను సేసినదానికి ఊరి పేరు పెట్టిన్రు. అదీ మన ఊరు గాదు."

రూప వెతకడం మొదలుపెట్టింది. రోజూ చేసే పనే అయినా, ఈసారి ఏదో తెలియని లోకంలో అడుగుపెట్టినట్టయింది. నూరేళ్ల కిందట, ఇంటింటికీ గుర్రపు బండి ఉన్న దేశాల్లో, బండి దిగకుండా గేటు తీయడం ఎంత పెద్ద చింతో ఆమెకు అప్పుడు తెలిసింది. వందలమంది దాని మీద దరఖాస్తులు పెట్టారు. తాళ్లు, గిలకలు, తూకపు రాళ్లు, బండి చక్రం ఎక్కితే వంగే కమ్మీలు. పక్కపక్కన ఇంకా ఏవేవో తగిలేవి. పాలు పితికేటప్పుడు ఆవు తోక ముఖాన కొట్టకుండా పట్టుకునే క్లిప్పు. కోడి గుడ్డు పెట్టి లేవగానే మూసుకుపోయే గంప. వీటిని చూసి ఆమెకు నవ్వు రాలేదు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు పొద్దున్నే లేచి విసుగెత్తి, ఇట్లా కాదని కూర్చుని గీసినవే. వేరే ఏ పనీ ముట్టకుండా రూప రెండు రోజులు వాటిలోనే గడిపింది.

ఆ గేట్ల మధ్య ఒక బొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. రెండు గుంజలు, రెండు తాళ్లు, ఏటవాలుగా బిగించిన మడతబందులు, పైకి లేచే గడియ. చిన్నాయన గేటును ఎవరో సన్నటి నల్ల గీతలతో కాగితం మీద దించినట్టే ఉంది. సంవత్సరం 1910. ఊరు అమెరికాలో డకోటా బయళ్లలో ఎక్కడో. పేరు మార్తా ఎల్వుడ్. ఆడమనిషి.

ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఆదివారం కోదాడ బస్సెక్కింది. బస్టాండు దగ్గరికి చిన్నాయన బండి మీద వచ్చాడు. దారి పొడవునా గేటు గురించే చెప్పాడు. సర్కారు నుంచి పేటెంటు కాగితం వస్తుందని చిలుకూరులో అప్పటికే అందరికీ చెప్పేశాడట.

ఇంటికి చేరాక, చిన్నమ్మ కాటమ్మ ఇచ్చిన చాయ్ తాగి, రూప లాప్‌టాప్ తెరిచి బొమ్మ చూపించింది. "చిన్నాయనా, నీ గేటు ముందుగాలనే ఒకామె చేసింది. నూటపదేండ్లు దాటింది. దీనికి నీకు పేటెంటు రాదు."

పర్వతాలు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తెర మీదకు వంగి, మడతబందుల దగ్గర వేలు పెట్టి, గడియ దాకా మెల్లగా జరిపాడు. లేచి వెళ్లిపోతాడని రూప అనుకుంది.

"ఈమెకు ఎన్ని గొర్లుండెనట?" అన్నాడు.

"గొర్ల ముచ్చట లేదు. పాల బండి నడిపేదని అనిపిస్తున్నది. పాల డబ్బాలతోని దిగి ఎక్కుడు కష్టమని రాసింది."

"ఒక్కతే నడిపేదా?"

"అది రాయలే."

"చదువు. మొత్తం చదువు."

రూప ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పింది. బొమ్మలో ప్రతి భాగానికీ ఒక అంకె ఉంది. గడియ ఏ అంకె, తాడు ఏ అంకె, అది లాగితే ఏది కదులుతుంది, అన్నీ ఓపికగా విప్పి రాసి ఉంది. పర్వతాలు మధ్యమధ్యలో "అవ్, అవ్" అంటూ తొడ మీద కొట్టుకున్నాడు. ఒకచోట మాత్రం ఆపాడు. కింది మడతబందుకు పైన, గుంజకు అతికించిన చిన్న వంకర ఇనుప ముక్క ఉంది.

"ఇదేంది? నా గేటుకు ఇది లేదు."

రూప అంకె పట్టుకుని వెతికింది. "పందులు మూతి కింద పెట్టి గేటును పైకి లేపి, గడియ ఊడగొట్టకుండా ఈ ముక్క ఆపుతది అని రాసింది."

పర్వతాలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మోకాలి సంగతి కూడా మరిచాడు. "కాటమ్మా! ఇటు రా! మన ఎర్ర పొట్టేలు మర్మం దొరికింది!"

ఆ పొట్టేలు మూడు నెలలుగా ఇంటిల్లిపాదినీ పరేషాన్ చేస్తోంది. గేటు కింద కొమ్ములు దూర్చి ఒక్క ఎత్తు ఎత్తితే గడియ జారేది, మందంతా పక్కవాళ్ల నాట్లలో పడేది. అందుకే ఆయన రోజూ గేటుకు బండరాళ్లు ఆనించి పెడుతున్నాడు. వీడియోలో ఆ రాళ్లు కనపడకుండా తీశాడు.

అప్పటికప్పుడు గణేష్‌కు ఫోన్ చేశాడు. గణేష్ సాయంత్రానికల్లా సామాను వేసుకుని వచ్చి, బొమ్మ చూసి ముక్క కోసి అతికించాడు. "ఇంత ముక్క కోసమా బాబాయ్, ఇన్నాళ్లూ రాళ్లు మోశావు? నాకు ముందే చెప్తే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా," అన్నాడు. ఎర్ర పొట్టేలు వచ్చి కొమ్ములు దూర్చింది. ఎత్తింది. మళ్లీ ఎత్తింది. గేటు కదల్లేదు. అది కాసేపు గేటును అలా చూస్తూ నిలబడి, వెనక్కి తిరిగి పోయి గడ్డి తింది.

"నా పేటెంటు పోతే పోయె," అన్నాడు పర్వతాలు. "ఆమె నాకంటే ముందలున్నది. ఇప్పుడు ఈ గేటు చేస్తే ఆమెకేమన్న కట్టాల్నా?"

"అక్కర లేదు. హక్కు పదిహేడేండ్లకే ఖతమైంది. ఇప్పుడది అందరిది. నువ్వు చేసుకోవచ్చు, పాలకీడోళ్లు గూడ చేసుకోవచ్చు."

కాటమ్మ అంతసేపూ గుమ్మానికి ఆనుకుని వింటోంది. "ఆమె మల్ల ఏమన్న చేసిందా, గంతేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న రూపకు ఎందుకు తట్టలేదో తెలియదు. అదే పేరుతో మళ్లీ వెతికింది. మూడేళ్ల తర్వాతిది ఇంకొకటి దొరికింది. అదే గేటు. కానీ రెండో తాడు ఒకటి కిందికి, నడుము కంటే తక్కువ ఎత్తుకు వేలాడుతోంది. పొట్టివాళ్లు గానీ, కూర్చుని ఉన్నవాళ్లు గానీ అందుకోవడానికి అని రాసి ఉంది.

"కూసున్నోళ్లంటే ఎవరు?" అంది కాటమ్మ.

"తెల్వదు చిన్నమ్మా. చక్రాల కుర్చీల ఉన్నోళ్లేమో. పిల్లలేమో."

"ఆమెకే కాలు పోయిందేమో," అన్నాడు పర్వతాలు తన మోకాలు నిమురుకుంటూ.

కాటమ్మ ఆ కింది తాడు మీద వేలు పెట్టి అంది: "ఎవరో ఒకరు. ఆమెకు గేటు చేసినంక, ఇంట్ల ఇంకొకరికి అందుతలేదని కనవడ్డది. మనింట్ల ఎవరికన్న కనవడ్డదా?"

"ఎవరికి అందుతలేదే?" అన్నాడు పర్వతాలు.

ఆమె గుమ్మం దిగింది. బయట ఆరేసిన గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని గేటు బయటికి నడిచింది. తిరిగి లోపలికి రావడానికి గేటు ముందు నిలబడింది. రెండు చేతులూ మోపు మీద ఉన్నాయి. తాడు పక్కనే, భుజం దగ్గర ఊగుతోంది.

"ఏ చేత్తోని గుంజాలె?" అంది.

పర్వతాలు పరుగున పోయి తాడు లాగాడు. ఇన్నాళ్లూ పొలం నుంచి వచ్చినప్పుడల్లా ఆమె మోపు కింద పడేసి, గేటు తీసి, ఎవరైనా ఎత్తేవాళ్ల కోసం చూసేది. ఆయన బండి మీద తెచ్చేది ఒకటైతే, ఆమె నెత్తిన తెచ్చేవి రెండు.

"కాలుతోని తీసేటట్టు చెయ్యరాదు?" అంది కాటమ్మ లోపలికి వస్తూ. "కాళ్లు ఖాళీయే గదా."

అప్పటి నుంచి రూప ప్రతి ఆదివారం చిలుకూరులో ఉంది. తొక్కుడు పలక గురించి పాతవి వెతికింది. బండి చక్రం ఎక్కితే తెరుచుకునేవి చాలా ఉన్నాయి. గుర్రం డెక్క పడితే తెరుచుకునేది ఒకటి కనబడింది. నెత్తిన బరువున్న మనిషి కోసం చేసింది ఏదీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదని ఆమెకు తెలుసు. మరుసటి రోజు వేరే మాటలతో మళ్లీ వెతికేది. డకోటాలో, ఆ గుర్రపు బండ్ల దేశాల్లో ఎవరూ మోపు నెత్తిన మొయ్యలేదా? మోసినవాళ్లను పేటెంటు ఆఫీసు దాకా ఎవరూ తీసుకుపోలేదా? ఆ సంగతి ఏ కాగితమూ చెప్పదు.

"ఈసారి ఎవరికీ చూపియొద్దు చిన్నాయనా," అని మాత్రం గట్టిగా చెప్పింది. "దరఖాస్తు పెట్టకముందే లోకమంతా చూస్తే అది కొత్తది కాకుండ పోతది. వీడియోలు బంద్."

పర్వతాలుకు అన్నిటికంటే కష్టమైంది అదే. గేటు చుట్టూ టార్పాలిన్ కట్టాడు. ఏం చేస్తున్నవని దారిన పోయేవాళ్లు అడిగితే, నోటిదాకా వచ్చిన మాట మింగి, "దోమలు" అనేవాడు.

గేటు కింద లోపలికీ బయటికీ పరుచుకునేలా మొదటి పలక పెట్టిన రోజే గొర్రెలు దాన్ని తొక్కి గేటు తెరుచుకుని పోయాయి. గణేష్ స్ప్రింగు గట్టిది వేశాడు. అప్పుడు కాటమ్మ మోపుతో సహా ఎక్కి నిలబడినా కదల్లేదు. మధ్యరకంది వేస్తే పొట్టేలు తెరిచింది. పర్వతాలు విసిగిపోయి, మనిషికీ జీవానికీ తేడా ఇనుముకెట్ల తెలుస్తుందని తల పట్టుకున్నాడు.

కాటమ్మ పొట్టేలునే చూస్తూ కూర్చుంది. "అది నాలుగు కాళ్లు పెడుతున్నది. పలక జర చిన్నగ చెయ్. ముందటి రెండు కాళ్లే పట్టాలె. అప్పుడు సగం బరువే పడతది."

గణేష్ పలకను కురచ చేశాడు. పొట్టేలు ముందు కాళ్లు పెట్టింది. గేటు కదల్లేదు. కాటమ్మ మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి పలక మీద అడుగు వేసింది. గడియ లేచింది. ఆమె ఆగకుండా, తల తిప్పకుండా లోపలికి నడిచిపోయింది. పర్వతాలు చప్పట్లు కొట్టబోయి, టార్పాలిన్ బయట ఎవరైనా ఉన్నారేమోనని ఆపుకున్నాడు.

తర్వాత మోపు లేకుండా ఎక్కి చూస్తే ఆమె బరువుకు అది కదల్లేదు. గణేష్ మళ్లీ స్ప్రింగు విప్పబోయాడు.

"ఉండనియ్ బిడ్డా," అంది కాటమ్మ. "మోపు లేనప్పుడు చేతులు ఖాళీయే గదా. తాడు గుంజుత."

రూప నవ్వింది కానీ, ఆ మాటను అలాగే గుర్తుపెట్టుకుని దరఖాస్తులో రాసింది. బరువు మోస్తున్న మనిషికి పలక, మోయని మనిషికి తాడు. ఇంతకు ముందు దొరికిన వాటన్నిటికీ దీనికీ తేడా అక్కడే ఉందని ఆమెకు అనిపించింది.

కనిపెట్టినవాళ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆగి అడిగింది. "నిజంగ ఎవరి ఆలోచనో వాళ్ల పేరే రాయాలె చిన్నాయనా."

పర్వతాలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "కాలుతోని అన్నది ఆమె. పలక కురచ చెయ్యమన్నది ఆమె. గడియకు పలకకు నడుమ కమ్మీ కలిపింది నేను. ముందు ఆమె పేరు రాసి, వెనక నాది రాయి. గణేష్‌ను గూడ అడుగు."

గణేష్ వద్దన్నాడు. తాను చెప్పింది చేశానంతే, ఆలోచన తనది కాదన్నాడు. కాగితాలు సరిచూసి, ఇద్దరి సంతకాలతో రూప దరఖాస్తు పంపింది. పరీక్ష జరిగి తేలడానికి ఏళ్లు పట్టొచ్చని, రాకపోవచ్చని కూడా ముందే చెప్పింది. దరఖాస్తు చేరింది కాబట్టి ఇక టార్పాలిన్ తీసేయొచ్చని చెప్పగానే పర్వతాలు బండి తీసి నేరుగా పాలకీడు పోయాడు. అక్కడి రెండు గేట్లకూ వంకర ముక్క ఎక్కడ అతికించాలో చూపించి, ఇది పాలకీడు గేటు కాదనీ, తనది కూడా కాదనీ, మార్తమ్మ అనే పాలామె చేసిన గేటనీ చెప్పి వచ్చాడు.

ఆ సాయంత్రం కాటమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుని పాత బొమ్మను మళ్లీ పెట్టమంది. సన్నటి గీతలను చాలాసేపు చూసింది.

"గేటుకు ఏ రంగేసిందో?" అంది.

"ఈ బొమ్మల్ల రంగు ఉండదు చిన్నమ్మా. గీతలే ఉంటయి."

"వేసే ఉంటది. వానకు తుప్పు పట్టనిస్తదా?" కాటమ్మ ఇంకొంచెం దగ్గరికి వంగింది. "ఆ కింది తాడు ఎవరి కోసమో, అది గూడ రాస్తే ఎంత మంచిగుండు."

బయట పర్వతాలు గేటుకు వేసే రంగు డబ్బా మూత తీయడానికి స్క్రూడ్రైవరు ఎక్కడుందని అరుస్తున్నాడు. రూప లేచి వెతకడానికి పోయింది. కాటమ్మ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు.