గేటు దగ్గరి దువ్వెన

తలలు దువ్వే బిరాగో పొద్దున్నే చేసే మొదటి పని ముంగిట్లో చెక్క పీట వేసి పక్కన నీళ్ళ చెంబు పెట్టడం. రెండో పని ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడటం. ఆ రోజు వంతు వీధి చివర కొత్తగా తెరిచిన సెలూన్‌ది.

"పొడి తలని దువ్వుతారంట! నీళ్ళు తగలకుండా! పైగా చదువుకున్నామని బోర్డు ఒకటి."

పీట మీద కూర్చున్న దిజ్జా నవ్వింది. ఆమె పాలమ్ముకునే మనిషి, పశువుల్ని మేపే ఫులానీ తెగది. ఆమె జుట్టు వాగు నీళ్ళలా జారుతుంది. నూనె కాస్త ఎక్కువైతే మాడుకి అతుక్కుపోతుంది, అందుకని బిరాగో వేలి కొసతో తాకించి వదిలేస్తుంది. దిజ్జా తరవాత వంతు బట్టలకొట్టు లెబనాన్ షావుకారు కూతురు లయాల్‌ది. ఆ పిల్ల తల్లి ఈ వీధి మనిషే. లయాల్ జుట్టు అలలు అలలుగా ఉంటుంది, మబ్బు పడితే చాలు పొంగిపోతుంది. దాన్ని తడిమీదే, కింది కొసల నించి పైకి విప్పుకుంటూ రావాలి. ఏ తల మర్యాద దానిది. ఒక తలకి చేసింది ఇంకో తలకి చేస్తే కుమాసీ ఊరంతా వినబడేలా తిడుతుంది బిరాగో.

చివర్న మనవరాలు అడోమా వచ్చి కూర్చునేది. ఆ పిల్ల జుట్టు తీగ కొసలు చుట్టుకున్నట్టు సన్న సన్న చుట్లు. దానికి ముందు నీళ్ళు, తరవాత షియా గింజల వెన్న, ఆపైన వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన. ఆ దువ్వెన కుడి చెవి పైకి వచ్చేసరికి ఆగి, పక్కకి తిరిగి వెళ్ళేది. అక్కడ గిజిగాడి గూడు ఉంది.

వానల ముందు వచ్చింది ఆ జంట. కిందటేడు చేపలమ్మే ఆవిడ తలమీద కట్టింది, ఆవిడ సెలూన్‌కి పోయి జుట్టు సాపు చేయించుకోగానే జంట ఎగిరిపోయింది. గూడు నిలవాలంటే జుట్టులో తడి ఉండాలి, వెన్న పట్టి ఉండాలి, లాగితే తెగకూడదు. దిజ్జా తలమీద కట్టబోయి జారిపోయాయి. అడోమా తలమీద కుదురుకున్నాయి. అడోమా ఎడమ పక్కకే తిరిగి పడుకునేది. చర్చిలో పాస్టరు గారు ఆ పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టేవారు, మగ పిట్ట వచ్చిపోడానికి వీలుగా.

బడి తెరవబోయే ముందు వారం ఆడపిట్ట గుడ్లు పెట్టింది. ఆ వారంలోనే గుట్ట మీది కాన్వెంటు హాస్టలు బడిలో అడోమాకీ లయాల్‌కీ సీటు వచ్చింది.

కూతురు సెర్వా ఆ కబురు చెప్పినప్పుడు బిరాగో వెన్న డబ్బా మూత పెట్టేసి లేచి నిలబడింది.

"దువ్వెన ఉందా ఇంకా?"

"ఉందమ్మా."

ఆ దువ్వెన సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎప్పుడో తెల్ల సిస్టర్లు తెచ్చిన ఏనుగు దంతపు దువ్వెన, సన్న పళ్ళది. బడి తెరిచే రోజున గేటు దగ్గర కొత్త పిల్లలందరి తలలోనూ దాన్ని దించుతారు. నొసటి నించి మెడ దాకా ఆగకుండా దిగిందా, జుట్టు ఉంచుకోవచ్చు. ఆగిందా, అక్కడే చెట్టుకింద మంగలి మిషనుతో గొరిగేస్తాడు. వద్దంటే బడి లేదు.

చిన్నప్పుడు బిరాగో వద్దంది. ఆ రోజు వరసలో ఆమె ముందు నిలబడింది పక్కింటి అఫ్రకోమా. ముందు రోజు సాయంత్రం ఇద్దరూ ఒకరి తల ఒకరు అల్లుకుని, ఎవరు గొరగమన్నా ఒప్పుకోకూడదని ఒట్టు పెట్టుకున్నారు. దువ్వెన అఫ్రకోమా తలలో ఆగింది. అఫ్రకోమా తల వంచేసింది. లోపలికి వెళ్ళింది, చదువుకుంది, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆమే మేట్రన్. ఆ దువ్వెన ఆమె చేతిలోనే ఉంది. బిరాగో ఆమెతో మాట్లాడి ఒక జీవితకాలం అయింది.

"దాని పళ్ళెంత దగ్గర దగ్గరగా ఉంటాయో చూశావా?" అంది బిరాగో. "ఎవరి తల కోసం కోసింది అది? తెచ్చినవాళ్ళు ఓడెక్కి పోయారు. పోతూ పోతూ దాన్ని మన చేతిలో పెట్టారు. మనమే మన పిల్లల నెత్తిన గుచ్చుతున్నాం, ఆగింది ఆగింది అని సంబరపడుతూ! లయాల్‌కి దిగుతుంది, అడోమాకి ఆగుతుంది. అయితే తప్పు పిల్లదా, దువ్వెనదా?"

"తప్పెవరిదైతే నాకేం? నాకు పిల్ల చదువు కావాలి." సెర్వా సంచీలోంచి జుట్టు సాపు చేసే మందు డబ్బా తీసింది. "ఇది రాస్తే దువ్వెన దిగుతుందంట."

బిరాగో ఆ డబ్బా అందుకుని, మూత తీసి, వాసన చూసి, కాలవలో కుమ్మరించింది. గూట్లోంచి ఆడపిట్ట తల బయటపెట్టి తుమ్మినట్టు చేసింది.

"నీ పంతానికి నా కూతుర్ని బలి పెట్టకమ్మా! జుట్టేగా, మళ్ళీ వస్తుంది."

"నా బడి మళ్ళీ వచ్చిందా?"

సెర్వా ఏడుపు ఆపుకుని ఇంకో దారి చెప్పింది. "పోనీ నల్లదారం చుట్టి సాగదియ్యి. నీ చేత్తో చుడితే తాడులా సాగుతుంది, దువ్వెన దిగిపోతుంది."

"సాగుతుంది. కానీ ఆ దువ్వెనకి నా చేత్తో నేనే దారి వేసిపెట్టాలా?"

బడి తెరిచే రోజు వచ్చింది. బిరాగో మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి, గూటి చుట్టూ నీళ్ళు చిలకరించి, వెన్న రాసి, పాయలు తీసింది. దారం చుట్టలేదు. పాయలు తీయడం అయ్యాక అడోమా అంది.

"అవ్వా, వాళ్ళు గొరిగేస్తే గొరిగెయ్యనీ. నాకు బడి కావాలి. కాకపోతే ముందు గుడ్లు తీసి ఇవ్వమని అడుగు. నీ ఒళ్ళో పెట్టుకో."

 బిరాగో చెక్క దువ్వెన కడిగి ఎండలో పెట్టింది.

గేటు దగ్గర వరస పెద్దదిగా ఉంది. చెట్టుకింద మంగలి మిషను గుర్రుమంటోంది. గొరిగిన జుట్టు గోనెసంచీలో కుక్కుతున్నారు. ఒక తల్లి ఆ సంచీ పట్టుకుని వదలట్లేదు.

"నా పిల్ల జుట్టు నాకివ్వండి, ఇంటికి తీసుకెళ్ళి కాల్చుకోవాలి. పరాయి చేతిలో పడితే ఎలా?"

"బడి ఆస్తమ్మా అది," అన్నాడు గుమాస్తా.

"నెత్తిమీద మొలిచింది బడి ఆస్తంట!" అంది బిరాగో గట్టిగా, ఎవరినీ చూడకుండా.

మేట్రన్ అఫ్రకోమా తలెత్తింది. నున్నటి విగ్గు కింద ఆమె నొసలు చెమట పట్టి ఉంది. బిరాగోని చూసి చూపు తిప్పేసుకుంది.

లయాల్ వంతు వచ్చింది. దువ్వెన జర్రున దిగింది.

"ఉంచుకో. వెళ్ళు."

లయాల్ కదల్లేదు. "మేడం, నాదీ నిన్న చిక్కు పడింది. బిరాగో అవ్వ తడిపి విప్పింది. అడోమాకి కూడా తడిపి చూడండి."

"నిన్నెవరడిగారు? నడు!"

తరవాత అడోమా. పిల్ల కళ్ళు మూసుకుంది. అఫ్రకోమా గూటిని చూసింది, చూడనట్టే దువ్వెన దించింది. అది రెండు వేళ్ళ మేర వెళ్ళి ఆగింది.

"ఆగింది," అని మంగలి వైపు చూస్తూ దువ్వెన వెనక్కి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. దంతం కిర్రుమంది.

గేటు స్తంభం మీంచి పచ్చటి మగ పిట్ట దిగింది. ముక్కున తాటాకు పీలిక ఉంది. దువ్వెన మొదటి పన్ను చుట్టూ దాన్ని తిప్పి, జుట్టులోకి దూర్చి, ముడి బిగించింది. వెళ్ళి ఇంకోటి తెచ్చింది. ఆడపిట్ట గుడ్ల మీంచి లేవకుండానే లోపలి నించి కొస అందుకుని లాగింది. అఫ్రకోమా చెయ్యి దువ్వెన మీద ఉండగానే పన్ను వెంట పన్ను గూటిలో కలిసిపోతోంది.

"లాగు," అంది బిరాగో. ఇన్నేళ్ళకి ఆమెతో అన్న మొదటి మాట అదే. "లాగు, చూద్దాం. లోపల గుడ్లున్నాయి."

అఫ్రకోమాదీ ఆ వీధే. ఆ వీధిలో పుట్టినవాళ్ళెవరూ గుడ్లున్న గూటి మీద చెయ్యి వెయ్యలేదు. ఆమె వేళ్ళు వదులయ్యాయి. మంగలి మిషను ఆపేశాడు.

"గుడ్లున్న తల నేను ముట్టను మేడం."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "తరవాతి పిల్ల మేడం."

"దువ్వెన లేదు."

"బజార్నించి వేరేది తెప్పించమంటారా?"

అఫ్రకోమా అడోమా తల వంక చూసింది. దంతపు పిడి ఒక్కటే బయటికి కనిపిస్తోంది, వాసం కొసలా.

"ఈ బడికి దువ్వెన అదొక్కటే," అంది నెమ్మదిగా. "పంపించు. అందరినీ పంపించు."

అడోమా మెడ తిప్పకుండా, పిట్టలు అదరకుండా నడిచి లోపలికి వెళ్ళింది. వెనకాల వరసంతా జుట్టుతోనే వెళ్ళింది. సెర్వా గోడకి ఆనుకుని ముఖం కప్పుకుంది.

అఫ్రకోమా గేటు రెక్క పట్టుకుని నిలబడింది. "బిరాగో, లోపలికి రా. కాసిని నీళ్ళు తాగి వెళ్ళు."

"ఆ గేట్లోకా? నేనా?" బిరాగో పైబట్ట విదిలించుకుని గుట్ట దిగిపోయింది.

ఇప్పటికీ ఆ గేట్లో అడుగు పెట్టలేదు. ఆదివారాలు మాత్రం చెంబు, వెన్న డబ్బా, చెక్క దువ్వెన పట్టుకుని బడి గోడ బయట నిలబడుతుంది. గోడ పొట్టిది. లోపలి నించి పిల్లలు ఒక్కొక్కరే తల గోడమీదికి వంచుతారు. చుట్ల జుట్టుకి నీళ్ళు, వెన్న. లయాల్‌కి తడి చెయ్యి. జారే జుట్టుకి వేలి కొస. అడోమా తలలో పిట్ట పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి, ఆ వెంటనే కొత్త జంట దిగింది. గూడు ఖాళీ అయిందే లేదు. దువ్వెన అక్కడే ఉంది.

ఒక ఆదివారం పిల్లల సందులోంచి ఇంకో తల గోడమీదికి వచ్చింది. విగ్గు లేదు. ఏళ్ళ తరబడి మందులు రాసీ రాసీ నొసటి దగ్గరా చెవుల దగ్గరా జుట్టు ఊడిపోయింది. ఉన్నది పుల్లల్లా ఉంది.

బిరాగో చూసింది. "వరస వెనకాల నిలబడు," అంది.

మేట్రన్ మేడం వెళ్ళి చిన్నపిల్లల వెనకాల నిలబడింది. ఎండ గోడ దిగేదాకా నిలబడింది. చివరికి ఆమె వంతు వచ్చింది.

"నా మీద కోపం పోయిందా బిరాగో?"

"పోలేదు. పోదు." బిరాగో చెంబు అందుకుంది. "తల వంచు. నీకు అలవాటేగా."